ఛైర్మన్‌గారి ఎర్రమట్టి

ఆమెకు అసలు పేరంటూ ఒకటి ఉంది గానీ కట్టడాల వ్యాపారంలో ఉన్నవాళ్ళెవరూ దాన్ని వాడేవారు కాదు. అందరికీ మట్టి డాక్టరమ్మే. ఒక చోట మేడలు లేపాలంటే ముందు ఆ నేలలో విషాలేమైనా ఇంకి ఉన్నాయేమో చూసి చెప్పడం ఆమె పని. పాత ఫ్యాక్టరీలు, పెట్రోలు బంకులు, తోళ్ళు నానబెట్టిన షెడ్లు, ఇలాంటివి కూల్చిన చోటల్లా బూట్లు తొడుక్కుని దిగేది. తవ్వించిన మట్టిని గాజు సీసాల్లోకి ఎత్తి, ఐసుపెట్టెలో పెట్టి ల్యాబుకు పంపేది. మామూలు డాక్టరు దగ్గరికి రోగి తరఫువాళ్ళు భయపడుతూ వస్తారు. ఈ డాక్టరమ్మ దగ్గర రోగి నోరెత్తదు. రోగిని అమ్ముకోవాలనుకునేవాళ్ళు మాత్రం వచ్చి, "ఏం లేదని రాసెయ్యండమ్మా, నిక్షేపంలా ఉంటే చూడ్డమెందుకు" అనేవారు.

రంగుల కంపెనీ స్థలం ఆమె చేతికి రావడానికి కారణం ఆమె బావ. అక్క మొగుడు. ఆ స్థలం కొన్న నిర్మాణ సంస్థలో ఫ్లాట్లు అమ్మే విభాగానికి అతనే పెద్ద. "ఇంట్లో మరదలుండగా బయటివాళ్ళ కాళ్ళు పట్టుకోవడం దేనికి" అని ఛైర్మన్‌తో చెప్పి, ఆమె పనిచేసే కంపెనీకే పరీక్ష అప్పగించాడు. ఇది సబబు కాదని ఆమె తన బాసుతో అంది. బాసు చాలా మెత్తటి మనిషి. ఎవరు ఏం చెప్పినా తల ఊపి, చివరికి తను అనుకున్నదే చేసేవాడు.

"బంధుత్వం మీ బావగారితో కదమ్మా. నేలతో కాదుగా" అన్నాడు.

మొదటి రోజు స్థలం చూడ్డానికి వెళ్తే ఛైర్మన్ స్వయంగా వచ్చాడు. నడిచేటప్పుడు నేలవైపు చూసే అలవాటు లేని మనిషి. అతని చూపెప్పుడూ పదో అంతస్తు రాబోయే చోట, గాలిలో ఉండేది. అందుకే రెండుసార్లు ఇటుక ముక్కలకు తట్టుకున్నాడు. వెనకాల బావ గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు.

"ఎక్కడెక్కడ తవ్వుతారమ్మా?" అని అడిగాడు ఛైర్మన్.

ఆమె చేయి చాపి చూపించింది. రంగు పీపాలు నిలవ పెట్టిన గచ్చు పక్కన. కాలువ వెళ్ళి ఆగిపోయిన చోట. తూర్పు మూల, గడ్డి మొలవని పల్లంలో.

"అంతా ఎండే. ఆ గేటు పక్కన చెట్టు నీడుంది, అక్కడ తవ్వుకోరాదూ. చల్లగా ఉంటుంది."

"నాకు చల్లగానే ఉంటుందండీ. కానీ రంగులు గేటు దగ్గర కలపలేదు కదా."

ఛైర్మన్ నవ్వాడు. బావ ఇంకా ఎక్కువ నవ్వాడు. తవ్వే యంత్రం వచ్చే వారం గానీ దొరకదని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

మరుసటి వారం యంత్రంతో వెళ్ళేసరికి స్థలాన్ని ఆమె గుర్తుపట్టలేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రటి మట్టి, మోకాలి లోతున పరిచి ఉంది. నీళ్ళు చల్లి, రోలరుతో తొక్కించి, గేటు దగ్గర పచ్చగడ్డి చాపల్లాగా పరిచేశారు. గడ్డి మొలవని మూలలో ఏకంగా గులాబీ కుండీలున్నాయి.

"చూశావా మరదలా" అన్నాడు బావ, చేతులు కట్టుకుని. "నాలుగు చినుకులు పడేసరికి నేల తనంతట తనే ఎలా కోలుకుందో."

"బావా, గడ్డికి కుట్లు కనిపిస్తున్నాయి."

అతను బూటుతో ఆ అతుకును మెల్లగా సర్దాడు. "ఛైర్మన్‌గారికి అందమంటే ప్రాణం. నీకోసమే పరిపించారు, బూట్లకి బురదంటకుండా."

ఆమె ముందు చూపించిన చోట్లలోనే యంత్రం నిలబెట్టించింది. గొట్టం నేలలోకి దిగి, పైకొచ్చి, మట్టిని పొడుగాటి కడ్డీలాగా పళ్ళెంలో పెట్టింది. పైన ఎరుపు, కింద నలుపు. గీత గీసినట్టు రెండు రంగులు. ఎర్రమట్టి కొంచెం ఒక సీసాలోకి, దాని కింది నల్లమట్టి వేరే సీసాల్లోకి ఎత్తింది. ఒక్కో సీసాకీ చేతి తొడుగులు మారుస్తుంటే బావ, "ఎన్ని తొడుగులు పాడుచేస్తావు" అని నొచ్చుకున్నాడు. "పైదెందుకు, అది నిన్నమొన్న వచ్చిన మట్టే కదా" అని కూడా అన్నాడు.

"కొత్తగా వచ్చినవాళ్ళనే ముందు పలకరించాలి బావా" అంది ఆమె.

ల్యాబు నుంచి ఫలితాలొచ్చాక ఆమె కాగితాన్ని తిరగేసి, బోర్లేసి చూసింది. సీసాలు తారుమారయ్యాయనుకుని మళ్ళీ పరీక్ష చెయ్యమంది. మళ్ళీ అదే వచ్చింది. రంగుల కంపెనీ నల్లమట్టి కడిగిన ముత్యంలా ఉంది. నిన్నమొన్న వచ్చిన ఎర్రమట్టిలో మాత్రం సీసం, ఉండదగిన దానికి ఎన్నో రెట్లు.

నల్లమట్టి బాగుండటానికి కారణం తర్వాత వాకబు చేస్తే తెలిసింది. రంగుల కంపెనీ పాత యజమాని ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ప్రతి పీపా కిందా ఒక రేకు తట్ట పెట్టించి, కారిన ప్రతి చుక్కనూ మళ్ళీ డబ్బాలోకి ఎత్తించేవాడట. నేలకు ఇవ్వడానికి కూడా అతనికి మనసొప్పలేదు. అలా ఆ పిసినారితనం ఆ నేలను కాపాడింది. పైన పటారం లోన లొటారం అంటారు. ఇక్కడ లోనంతా పటారం, లొటారం పైన. దాన్ని తెచ్చి పరిచింది ఛైర్మన్.

ఆ సాయంత్రం అక్క వచ్చింది. వంటగదిలో స్టూలు లాక్కుని కూర్చుని, చెల్లెలు టీ పెడుతుంటే మాటలు అటూ ఇటూ తిప్పి చివరికి అసలు సంగతిలోకి వచ్చింది.

"ఆ మేడల్లో మేమూ ఒకటి తీసుకుంటున్నామే. కింద అంతస్తు. ముందు చిన్న తోట ఉంటుంది, మొక్కలు పెంచుకోవచ్చు."

"ఊఁ."

"మీ బావ చెప్పారు, నువ్వు బాగుందని రాస్తే తొందరగా పనులు మొదలవుతాయట. రాసెయ్యి." కాసేపాగి, గొంతు తగ్గించింది. "అందరికీ ఏం రాస్తావో రాయి. నాకు మాత్రం నిజం చెప్పు. ఆ మట్టి మంచిదేనా?"

"ఆఫీసు సంగతులు చెప్పకూడదక్కా."

"చెప్పొద్దులే. తోటలో కూరగాయలు వేసుకోవచ్చా, అంతే అడుగుతున్నా."

ఆమె టీ వడపోస్తూ ఉండిపోయింది. చెల్లెలికి అబద్ధం ఆడటం చేతకాదనీ, అలాంటప్పుడు నోరు మూసుకుంటుందనీ అక్కకు చిన్నప్పటినుంచీ తెలుసు. టీ చల్లారిపోతున్నా తాగకుండా లేచింది.

"ఎవరితోనూ అననులే" అంటూ చెప్పులేసుకుంది.

అనలేదు కూడా. మరుసటి రోజు పొద్దున్నే మొగుడితో చెప్పి మూడో అంతస్తుకి మార్పించుకుంది, అంతే. అమ్మేవాడి పెళ్ళామే పైకెక్కిందంటే కొనేవాళ్ళు కింద ఎందుకుంటారు. ఒకరిని చూసి ఒకరు, కింద అంతస్తువాళ్ళందరూ బావ ఆఫీసు ముందు వరస కట్టారు.

రెండు రోజుల తర్వాత ఛైర్మన్ గదిలో కూర్చున్నప్పుడు అతను అడిగిన మొదటి మాట కూడా అదే.

"కింద బుక్ చేసుకున్నవాళ్ళందరికీ ఒక్కసారిగా పైనుంచి చూడాలని ఎందుకు బుద్ధి పుట్టింది?"

బావ పైకప్పుకేసి చూశాడు. పక్కనున్న బాసు తన బూట్లకేసి చూశాడు. డాక్టరమ్మ తెచ్చిన కాగితాలు బల్లమీద పెట్టింది.

"మీ నేల బాగుందండీ. చాలా బాగుంది. మీరు దానిమీద పోయించిన మట్టిలో సీసం ఉంది."

"సీసాలా?" అన్నాడు ఛైర్మన్. "కూలీలు తాగి పారేసుంటారు. ఇవాళే ఏరించేస్తాను."

"సీసా కాదండీ. సీసం. లోహం. బ్యాటరీల్లో వాడతారు. ఏరితే రాదు, కంటికి కనిపించదు. గాలికి లేచి, చేతులకు అంటి కడుపులోకి పోతుంది. పసిపిల్లలకైతే మెదడుకే ఎసరు."

ఛైర్మన్ ముఖం మొదట వికసించింది, తర్వాత వాడిపోయింది. అంటే ఆ మట్టి వెయ్యకపోతే ఏ ఇబ్బందీ ఉండేది కాదా అని అడిగాడు. ఉండేది కాదని ఆమె చెప్పింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని బావ తనలో తను గొణిగి, ఛైర్మన్ తిరిగి చూసేసరికి దగ్గాడు.

వెంటనే మట్టి తోలిన లారీల కాంట్రాక్టరును పిలిపించారు. కిందే ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని లోపలికొచ్చి, కుర్చీ చూపించినా గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

"ఎక్కడిదయ్యా ఆ ఎర్రమట్టి?" అన్నాడు ఛైర్మన్.

"మంచి మట్టే సార్."

"మంచిదో చెడ్డదో అడగలేదు. ఎక్కడినుంచి తెచ్చావు?"

కాంట్రాక్టరు అటూ ఇటూ చూశాడు. "మనదే సార్. పరాయిది కాదు. మీరు ఇంతకుముందు మేడలు కట్టారే, పాత బ్యాటరీల షెడ్డు కూల్చి. అక్కడ తవ్వింది."

"దాన్ని ఎవరికీ కనబడనంత దూరంలో పారబొయ్యమన్నానుగా."

"అన్నారు సార్. కానీ చూస్తే బంగారంలాంటి మట్టి. పారబొయ్యడానికి చేతులు రాలేదు. మా గోడౌను వెనకాల పోసి ఉంచాను. మొన్న మీరే ఫోన్ చేసి నికార్సయిన ఎర్రమట్టి కావాలి, అర్జెంటు అన్నారు. మీ వస్తువు మీకిచ్చాను."

ఆ మాటలో తప్పెక్కడుందో ఛైర్మన్‌కి కూడా వెంటనే దొరకలేదు. ముందు తేరుకున్నది బాసు.

"సార్, ఒక మార్గం ఉంది" అన్నాడు మెత్తగా. "మమ్మల్ని పరీక్షించమన్నది స్థలాన్ని. పైన పోసింది స్థలం కిందికి రాదు, అలంకరణ కిందికి వస్తుంది. గులాబీ కుండీల్లాంటిది. మా నివేదికలో దాని ప్రస్తావనే అక్కర్లేదు."

"అలంకరణ" అన్నాడు ఛైర్మన్, కొత్త ఫ్లాటులో దీపం వేసి చూసినట్టు.

"ఆ అలంకరణలోనే పిల్లలు ఆడుకుంటారండీ" అంది డాక్టరమ్మ. "అది రాయకపోతే నేను సంతకం పెట్టను." తర్వాత ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. కాంట్రాక్టరు వైపు తిరిగింది. "ఆ షెడ్డు మట్టంతా ఇక్కడే పోశారా? ఇంకా ఉందా?"

"అయిపోయిందమ్మా. అంతకుముందే కొంత బడికిచ్చాం. ఆటస్థలం పల్లంగా ఉందంటే మెరక చేశాం. అది దానం. ఛైర్మన్‌గారి పేరుమీదే." అతను గోడవైపు చూపించాడు. గోడమీద పెద్ద ఫొటో. ఎర్రటి మైదానం మధ్యలో ఛైర్మన్ రిబ్బను కత్తిరిస్తున్నాడు. చుట్టూ పిల్లలు, కొందరు చెప్పులు లేకుండా.

ఆ ఫొటోకేసి అందరూ చూస్తుండగా ఛైర్మన్ బావను దగ్గరికి పిలిచి చెవిలో ఏదో అన్నాడు. బావ బయటికి వెళ్ళాడు. ఛైర్మన్ చెప్పింది మట్టి తీయించమని కాదు, బడి గేటు మీదున్న తన పేరు బోర్డు తీయించమని. ఆ సంగతి ఆమెకు మర్నాడు బడికి వెళ్తేగానీ తెలియలేదు. గేటు మీద నాలుగు కొత్త బోల్టు రంధ్రాలున్నాయి.

బడికి ఆమెను ఎవరూ పంపలేదు. సెలవు పెట్టి వెళ్ళింది. ప్రధానోపాధ్యాయురాలు కళ్ళద్దాలు సర్దుకుంటూ అంతా విని, చేతులు జోడించింది.

"మాకు పరీక్షలు చేయించే అధికారం లేదమ్మా. పిల్లలకి తప్ప దేనికీ పరీక్షలు పెట్టలేం. పైగా దానమిచ్చినాయన మట్టిని అనుమానిస్తే రేపు ఇంకొకరు బెంచీలిస్తారా?"

"ఒక్కసారి బయటికి రండి. చూసి వెళ్ళిపోతాను."

విరామం గంట కొట్టారు. పెద్దపిల్లలు పరిగెత్తుతుంటే ఎర్రటి దుమ్ము కిటికీల దాకా లేచింది. గోడ పక్కన ఒకటో తరగతివాళ్ళు నీళ్ళు పోసి మట్టి పిసుకుతున్నారు. ఒక పిల్ల మట్టితో చేసిన కప్పును రెండు చేతులా పట్టుకొచ్చి ప్రధానోపాధ్యాయురాలికి అందించింది.

"టీ తాగండి టీచర్. నేను తాగేశాను." ఆ పిల్ల పెదవి చుట్టూ ఎర్రగా ఉంది.

ప్రధానోపాధ్యాయురాలు కప్పు అందుకుంది. అది ఆమె చేతిలో మెల్లగా విరిగిపోయింది.

"సీసం లోపలికి పోతే ఏమవుతుందన్నారు?" అని అడిగింది, పిల్ల వెళ్ళాక.

"రక్తం తగ్గుతుంది. చెప్పింది తలకెక్కదు. ఊరికే కోపం వస్తుంది. పైకి ఏమీ తెలియదు."

"సగంమంది ఇప్పటికే అలా ఉన్నారు. నేను పెంపకం అనుకుంటున్నాను." చేతిలోని ముక్కలను ఎక్కడ పడెయ్యాలో తెలియక ఆవిడ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత వెళ్ళి గంట మళ్ళీ కొట్టించి, పిల్లలను లోపలికి పిలిచి, మైదానం తలుపుకు తాళం వేయించింది. డాక్టరమ్మ సీసాలు నింపుకుంటుంటే పక్కనే నిలబడింది. ఫలితం రాకముందే పిల్లల అమ్మానాన్నలకు కబురు పెట్టింది. ఆవిడకు దాచడం, మెత్తగా చెప్పడం రావు. బోర్డు విప్పి పట్టుకుపోయిన సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ల్యాబు ఫలితం అదే అంది. అప్పటికే అమ్మానాన్నలు బావ ఆఫీసుకు వెళ్ళారు. కేకలేం వెయ్యలేదు. ఫ్లాటు చూడ్డానికొచ్చినవాళ్ళ పక్కన సోఫాల్లో కూర్చుని, మా పిల్లల ఆటస్థలంలో ఏం పోశారో కాస్త చెప్తారా అని మర్యాదగా అడిగారు. రోజూ వచ్చి అడిగారు. చూడ్డానికొచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు.

ఛైర్మన్‌కి చివరికి దారి చూపించింది న్యాయం కాదు, బావ. అబద్ధాన్ని ఎంత బాగా అమ్మగలడో, గత్యంతరం లేనప్పుడు నిజాన్నీ అంతే బాగా అమ్మగలడు.

"సార్, దాచిపెట్టినకొద్దీ వాసనొస్తుంది" అన్నాడు. "పబ్లిగ్గా తీయిద్దాం. ఇక్కడా, బడిలోనూ. మనం చేయించినట్టు నేల పరీక్ష ఎవరూ చేయించలేదని చెబుదాం. మన సొంత మట్టిని కూడా నమ్మని సంస్థ అని రాయిద్దాం."

వారం తిరగకుండా రోడ్డు మీద పెద్ద ప్రకటన వెలిసింది. "మీ క్షేమం కోసం పైమట్టిని సైతం త్యాగం చేసిన ఏకైక సంస్థ." అది చదివి డాక్టరమ్మ బస్సు దిగాల్సిన చోట దిగడం మరచిపోయింది. కింద అంతస్తువాళ్ళు మళ్ళీ కిందికి దిగడం మొదలుపెట్టారు. అక్క మాత్రం దిగలేదు. మూడో అంతస్తులో గాలి బాగుంటుందని తేల్చుకుంది. ఫోన్ చేసి, "మీ బావ లేకపోతే నీ మాట ఎవరు వినేవాళ్ళు చెప్పు" అంది. ఆమెకు నవ్వు రాలేదు.

నివేదిక ఆమె రాసినట్టే వెళ్ళింది. నేల మంచిది, పైమట్టి చెడ్డది, రెండు ముక్కలూ ఉన్నాయి. బాసు దాన్ని అచ్చు వేయించి, ముందుమాటలో తన పట్టుదలను తనే మెచ్చుకున్నాడు. తర్వాత ఆమెను పిలిచి, పెద్ద సంస్థల పని ఒత్తిడి ఎక్కువ, కొన్నాళ్ళు మూతబడ్డ పెట్రోలు బంకులు చూసుకో అన్నాడు. ఆమె చూసుకుంటానంది. ఒక్కటే అడిగింది. ఆ మట్టి తోలేటప్పుడు లారీలో తను కూడా వెళ్తానంది. విషపు మట్టిని పూడ్చడానికి ఊరి బయట సర్కారు అనుమతి ఉన్న గొయ్యి ఒకటే ఉంది. అక్కడికే చేరుతోందో లేదో కళ్ళారా చూడాలి.

బడి మైదానంలో తవ్వే రోజు తరగతుల్లో పాఠాలు సాగలేదు. ప్రతి కిటికీకీ ముఖాలే. యంత్రం తొండం ఎత్తినప్పుడల్లా లోపల చప్పట్లు. చివరి లారీ నిండి, పైన టార్పాలిన్ కట్టాక, ఆమె మెట్టెక్కి కాంట్రాక్టరు పక్కన కూర్చుంది. డ్రైవరు రాలేదని ఆ రోజు అతనే నడుపుతున్నాడు.

"నమ్మకం లేదా అమ్మా నామీద?"

"లేదండీ."

అతను ఏమీ అనుకోలేదు. దారంతా హుషారుగా మాట్లాడాడు. గొయ్యి దగ్గర మందపాటి నల్లటి పట్టా పరిచిన గుంతలోకి ఎర్రమట్టి జారింది. చక్రాలు కడిగి, ఆమె కళ్ళముందే పైన కప్పేశారు. తిరుగు ప్రయాణంలో ఖాళీ లారీ గలగలలాడుతుంటే అతనికి ఇంకా ఉత్సాహం వచ్చింది. కిటికీలోంచి చేయి బయటపెట్టి చూపించసాగాడు.

"అదిగో, ఆ పార్కు చూశారా, ఒకప్పుడు మడుగు. నేనే నింపాను. ఆ ఆస్పత్రి వెనకాల వాహనాలు ఆపే చోటు, అదీ నాదే. ఆ వరసిళ్ళున్నాయే, అక్కడ మనిషి లోతు పల్లం ఉండేది."

"వాటికి మట్టి ఎక్కడినుంచి తెచ్చారు?"

"ఎక్కడ తవ్వితే అక్కడినుంచేనమ్మా. ఒకచోట అక్కర్లేనిది ఇంకోచోట కావాలి. అదే కదా మా పని." ఆమె ముచ్చటపడి అడుగుతోందనుకున్నాడు. "ముందు ఇంకా ఉన్నాయి, చూపిస్తా."

పార్కులో ఎవరో పిల్లాడిని ఉయ్యాల ఊపుతున్నారు. అది దాటిపోయేదాకా ఆమె తల తిప్పి చూసింది.

"కొంచెం నెమ్మదిగా పోనివ్వండి" అంది.